పంపిస్తా, పంపించేస్తా

చంద్రగిరిలో మురుగేష్ ఇల్లెక్కడని అడిగితే ఎవరూ వేలు చూపించరు, తల పైకెత్తుతారు. పావురాలు ఏ మిద్దె చుట్టూ తిరుగుతుంటే అదే అతని ఇల్లు. ఊళ్ళో ఇంకో ఇద్దరు మురుగేష్‌లు ఉన్నందువల్ల ఇతను పావురాల మురుగేష్ అయ్యాడు. సిమెంటు, కమ్మీలు అమ్మే అంగట్లో ఎన్నో ఏళ్ళుగా పనిచేస్తున్నా ఆ పని పేరు మాత్రం అతనికి అంటలేదు.

ఆ మిద్దె మీద ఉన్నది ఒక్కటే గది. అందులో తొమ్మిది గూళ్ళు, పది పావురాలు. అవి మామూలువి కావు, ఎక్కడికి తీసుకెళ్ళి వదిలినా సొంత గూటికి తిరిగొచ్చే హోమర్ జాతి. మురుగేష్ వాటికి చుట్టాల పేర్లు పెట్టుకున్నాడు. పొద్దస్తమానం కొట్టుకునే రెండు మగ పావురాలకు తన మేనమామల పేర్లు పెట్టాడు, ఆదికేశవులు, వెంకటముని అని. సంగతి తెలిశాక మేనమామలు ఆ ఇంటికి రావడం మానేశారు. మురుగేష్ అందుకు పెద్దగా బాధపడలేదు.

అతని భార్య భువనేశ్వరి తిరుపతిలో ఒక చీరల దుకాణంలో బిల్లులు కొట్టే కంప్యూటర్ దగ్గర కూర్చుంటుంది. అది మొరాయించినప్పుడల్లా ఎవరో ఒకరు వచ్చి, "మీరు కొంచెం పక్కకు జరగండక్కా" అనేవారు. జరిగి జరిగి విసుగొచ్చి, ముప్ఫై నాలుగో ఏట బీసీయేలో చేరింది. తిరుపతిలో శనివారం శనివారం క్లాసులు. మొదటి సెమిస్టర్‌లోనే ఒక భూతం ఎదురైంది. దాని పేరు డిస్క్రీట్ మేథమేటిక్స్.

"కాంక్రీటు తెలుసు నాకు," అన్నాడు మురుగేష్. "ఈ డిస్క్రీటేంది మే?"

"నీది అంతా కలిపి గట్టిగా చేసేది. ఇది విడివిడిగా ఉండేవాటి లెక్క. ఒకటి, రెండు, మూడు. మధ్యలో ఏమీ ఉండదు."

"మధ్యలో ఏమీ లేకుంటే సులువే కదా?"

"మధ్యలో ఏమీ లేదు కాబట్టే పట్టుకోనీకి ఏమీ దొరకడం లేదు సామీ."

ఆ లెక్కలకు తోడు చోటు కరువు. హాల్లో టీవీ, పడకగదిలో మురుగేష్ గురక, మిగిలింది వంటిల్లు. పొయ్యి పక్కన పుస్తకం తెరిచి, ఒక చేత్తో సంగటి గెలుకుతూ ఇంకో చేత్తో పేజీలు తిప్పేది. సెట్ల పాఠం మీద సాంబారు పడింది, లాజిక్ మీద ఊరుబిండి పచ్చడి పడింది. కొన్నాళ్ళకు ఏ పాఠం ఎక్కడుందో వాసన చూసి చెప్పగలిగే స్థాయికి వచ్చింది గానీ, పాఠం మాత్రం బుర్రకెక్కలేదు.

ఒక సాయంత్రం మిద్దె మీదికి వచ్చి నేరుగా అడిగేసింది.

"ఈ గది నాకియ్యి."

మురుగేష్ చేతిలోని జొన్నలు కింద పడ్డాయి. "నా పావురాలు యాడికి పోవాల?"

"వాటికి ఆకాశమంతా ఉండాది. నాకు ఒగ గది లేదు."

జవాబు లేని మగవాడు మాట ఇస్తాడు. అతనూ ఇచ్చాడు.

"సరే సూడు. నువ్వు ఈ లెక్కల పేపరు పాసయితే, నా పావురాల్ని కార్వేటినగరం, తోడల్లుడింటికి పంపిస్తా. సరేనా?"

"ఒట్టా?"

"ఒట్టు. నీ తల మీద."

"నేను కూడా విన్నా," అంది పక్క మిద్దె మీద బట్టలారేస్తున్న పంకజాక్షమ్మ. ఆ వీధిలో ఏ గొడవకైనా పంకజాక్షే సాక్షి. పిలవాల్సిన పని కూడా ఉండదు.

మురుగేష్ ధైర్యానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, భువన పదో తరగతి లెక్కల్లో ఎలా గట్టెక్కిందో ఆ లెక్కల దేవుడికే తెలియాలి. రెండోది అతని సొంత తెలివి. పంపిస్తా అన్నాడేగానీ పంపించేస్తా అనలేదు. పంపించేస్తే పోయినట్టే. పంపిస్తే మళ్ళీ రావచ్చు. కార్వేటినగరంలో వదిలిన పావురాలు బస్సుకంటే ముందే చంద్రగిరిలో ఉంటాయి. మాట తప్పినట్టూ కాదు, పావురాలు పోయినట్టూ కాదు.

ఇంత తెలివిని కడుపులో దాచుకోవడం ఎవరి వల్లా కాదు. వెంటనే కార్వేటినగరంలో ఉన్న తోడల్లుడు కృష్ణమూర్తికి ఫోన్ చేసి, పంపిస్తాకు పంపించేస్తాకు ఉన్న తేడా విడమర్చి చెప్పాడు. ఇద్దరూ ఫోన్లోనే పడిపడి నవ్వుకున్నారు. కృష్ణమూర్తి భార్య భువనకు సొంత అక్క అన్న సంగతి ఆ సంబరంలో ఇద్దరికీ తట్టలేదు.

అప్పట్నుంచి మురుగేష్ చదువుకునే ఇల్లాలికి ఏ అడ్డూ పెట్టలేదు. పైగా కాఫీ కూడా కలిపి ఇచ్చాడు. అతను కలిపిన కాఫీ తాగడం కూడా ఒక అడ్డే అని భువన అనుకుంది గానీ పైకి అనలేదు.

కాఫీ ఇవ్వడానికి వంగినప్పుడే ఒకరోజు పుస్తకంలో బొమ్మ కనిపించింది. గూళ్ళు, వాటిలో పావురాలు.

"మే! మన పావురాలు బుక్కులోకెక్కినాయే!"

"అది పావురాల గూళ్ళ సూత్రం. గమ్మునుండు."

మురుగేష్ ఎలా గమ్మునుంటాడు? ఇన్నేళ్ళు ఊరంతా తనను పనిలేనివాడని అంటుంటే, యూనివర్సిటీ వాళ్ళు పావురాలకు ఏకంగా ఒక సూత్రమే రాసిపెట్టారు. పొయ్యి దగ్గరికి పీట జరుపుకొని కూర్చున్నాడు.

"ఏమంటాది సూత్రం?"

"గూళ్ళ కంటే పావురాలు ఎక్కువుంటే, ఏదో ఒగ గూట్లో రెండైనా ఉండి తీరాల."

మురుగేష్ మొహం మాడిపోయింది. "ఇది రాసినోడు జన్మలో పావురాన్ని సూసినాడా? మనకు తొమ్మిది గూళ్ళు, పది పావురాలు. పదోది వెంకటముని. అది దూలం మీద నిలబడుకుంటాదే గానీ ఇంకోదాని గూట్లోకి సచ్చినా పోదు."

"దూలం లేదనుకో."

"దూలం లేకుంటే మిద్దె ఎట్ల నిలబడతాది? సిమెంటంగట్లో ఉండేది నువ్వా నేనా?"

"అయ్యా, అన్నీ గూళ్ళలోనే ఉండాయనుకోమంటాండారు!"

"అనుకుంటే సరిపోతాదా? పావురం అనుకోవద్దా?"

భువన పెన్సిల్ కింద పెట్టింది. ఇంతకాలం ఆ సూత్రం ఆమెకు చదివితే అర్థమైనట్టు, పుస్తకం మూస్తే కానట్టు ఉండేది. ఇప్పుడు దాన్ని కాపాడుకోవాల్సిన బాధ్యత మీద పడింది. మొగుడి మీద గెలవాలన్న పట్టుదల ఏ మాస్టారూ పుట్టించలేనిది.

"సరే, తప్పని సూపించు."

ఇద్దరూ మిద్దెక్కారు. పావురాలు గూళ్ళకు చేరే వేళ. మురుగేష్ దూలం చుట్టూ గోనెసంచులు చుట్టి దాని మీద నిలబడే వీలు లేకుండా చేశాడు. తొమ్మిదింటినీ ఒక్కో గూట్లో పెట్టాడు. వెంకటమునిని రెండు చేతులా పట్టుకుని ఆదికేశవులు గూట్లోకి తోసి, "ఇప్పుడు సూడు, చిటికెలో బయటికొస్తాది," అన్నాడు.

బయటికి రాలేదు. లోపల్నుంచి మాత్రం ఒక రొద బయలుదేరింది. రెక్కలు, ముక్కులు, గోళ్ళు ఏవి ఎవరివో తెలియలేదు. ఆ గూటి తలుపు ఊడి కింద పడింది. దాని అదురుకు జొన్నల డబ్బా దొర్లింది. మిగతా ఎనిమిదీ మేనమామల తగువులో జొరబడ్డాయి. మురుగేష్ విడదీయబోయి రెండు వర్గాల చేతా ముక్కు మీద పొడిపించుకున్నాడు. గదంతా ఈకలు లేచి పక్క మిద్దె మీది వడియాల్లో వాలాయి.

"పోలీసుల్ని పిలవాల్నా?" అని పంకజాక్షమ్మ అరిచింది.

భువన గుమ్మంలో నిలబడి శాంతంగా అడిగింది. "ఏమిటికి కొట్టుకుంటాండాయి?"

"ఒగే గూట్లో రెండుంటే కొట్టుకోవా మరి!" అని కేకపెట్టిన మురుగేష్, ఆ కేక తన చెవిన పడ్డాక నోరు మూశాడు.

"అదేగా సూత్రం," అని భువన కిందికి దిగింది.

మురుగేష్ ఆ ఓటమిని ఒప్పుకోలేదు. రోజూ అంగడి నుంచి రాగానే, "ఇంకేం తప్పులు రాసినాడు?" అని పుస్తకం తెరిపించేవాడు. రిలేషన్ల పాఠం వచ్చినప్పుడు భువన, "ఆదికేశవులుకు వెంకటముని అంటే పడదు. వెంకటమునికి ఆదికేశవులంటే పడదా?" అని అడిగింది. "పడదు" అన్నాడు. "ఆదికేశవులుకు కల్యాణి అంటే ఇష్టం. కల్యాణికి ఆదికేశవులంటే?" కల్యాణి ఆడ పావురం. మురుగేష్ నిట్టూర్చి, "దానికి వేరేది ఇష్టం," అన్నాడు. అలా ఒక రిలేషన్ రెండువైపులా ఉంటుంది, ఒకటి ఒకేవైపు ఉంటుంది అని భువనకు తేలిపోయింది. పుస్తకం తప్పని నిరూపించే పంతంలో మురుగేష్ పుస్తకం మొత్తం ఆమెకు నేర్పించేశాడు. తను చేస్తున్నదేమిటో పరీక్షలకు ముందురోజు గానీ అతనికి తట్టలేదు. అప్పటికి పుణ్యకాలం కాస్తా గడిచిపోయింది.

ఫలితాలు వచ్చిన రోజు భువన ఫోన్ పట్టుకుని వంటింట్లో అలాగే నిలబడిపోయింది. మురుగేష్ భయపడి ఫోన్ లాక్కుని చూశాడు. ఆ లెక్కల పేపర్లోనే అన్నిటికంటే ఎక్కువ మార్కులు. భువన కళ్ళు తుడుచుకుంది. మురుగేష్‌కు పావురాలు గుర్తుకు రాలేదు, ఒట్టు గుర్తుకు రాలేదు. పదో తరగతిలో లెక్కల మాస్టారు వెనక బెంచీకి పంపిన తన పెళ్ళాం! మైసూర్‌పాకు కొని అంగట్లో అందరికీ పంచి, "మా ఇంటామె, డిస్క్రీటు," అని చెప్పాడు. అదేదో కొత్త సిమెంటు కంపెనీ అనుకుని ఒకాయన ధర అడిగాడు.

ఒట్టు సాయంత్రానికి గుర్తొచ్చింది. మురుగేష్ లోలోపల మీసం తిప్పుకున్నాడు.

ఆదివారం పొద్దున పావురాల వీడ్కోలు ఘనంగా జరిగింది. ఒక్కోదాన్ని పేరు పెట్టి పిలిచి, ముద్దు పెట్టి, వెదురుగంపలో పెట్టాడు. "ఆదికేశవులు మామా, పోయిరా," అని కండువాతో కళ్ళొత్తుకున్నాడు. పంకజాక్షమ్మ నిజంగానే ఏడ్చింది. "మగోడు మాటకు కట్టుబడినాడు, సూడు తల్లీ," అని భువనతో అంది. భువన తల వంచుకుని నిలబడింది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని మురుగేష్ కొంచెం జాలిపడ్డాడు.

తిరుపతిలో ఒక బస్సు, పుత్తూరులో ఇంకో బస్సు మారి కార్వేటినగరం చేరాడు. తోడల్లుళ్ళిద్దరూ మిద్దె మీద గంప మూత తీశారు. పావురాలు ఒక చుట్టు తిరిగి, చంద్రగిరి వైపు తిన్నగా వెళ్ళిపోయాయి. ఇద్దరూ కోడికూర తిని, తమ తెలివిని ఇంకోసారి మెచ్చుకున్నారు.

ఇంటికొచ్చేసరికి పదీ మిద్దె పిట్టగోడ మీద వరసగా కూర్చున్నాయి. భువన వాటికి జొన్నలు చల్లుతోంది.

"అయ్యో! తిరిగొచ్చేసినాయా?" అని మురుగేష్ గుండె మీద చెయ్యేసుకున్నాడు. "నేనైతే పంపినా. అవే వచ్చినాయి. నా తప్పేముండాది?"

"నీ తప్పేం లేదు," అంది భువన. "పంపిస్తానంటివి, పంపినావు. పెద్దమనిషివి."

ఇంత సులువుగా గెలుస్తానని మురుగేష్ అనుకోలేదు. వారమంతా అంగట్లో ఈ కథ చెప్పి ప్రతిసారీ కొత్తగా నవ్వాడు.

తర్వాతి ఆదివారం నిద్రలేచేసరికి గుమ్మం దగ్గర వెదురుగంప సిద్ధంగా ఉంది. పక్కన టిఫిన్ కట్టిన డబ్బా, నీళ్ళ సీసా.

"ఏందిది మే?"

"పావురాల్ని కార్వేటినగరం పంపిస్తానంటివి కదా."

"పోయిన వారమే పంపితినే!"

"నేను పాసైనానా లేదా?"

"అయినావు."

"ఇప్పుడు కూడా పాసే కదా?"

"పాసైనోళ్ళు మళ్ళా ఫెయిలవుతారా?"

"పావురాలు ఇంట్లో ఉండాయా?"

"ఉండాయి."

"అయితే పంపు."

మురుగేష్ గంపను కాలితో వెనక్కి జరిపాడు. "పంపిస్తా అంటే ఒగసారి పంపడం!"

"అట్లనా? నువ్వేం పని చేస్తావని ఎవరైనా అడిగితే ఏం చెప్తావు?"

"సిమెంటు అమ్ముతా."

"ఒగ మూట అమ్మి ఇంటికొచ్చేసినావా?"

భువన డబ్బా గంప మీద పెట్టింది. "పంపించేస్తా అనుంటే ఒగసారితో పోయేది. నువ్వేమో పంపిస్తా అంటివి. పంపిస్తా అంటే పంపిస్తానే ఉండాల. మా అక్క ఫోన్లో చెప్పినప్పుడే అనుకున్నా, మంచి మాట ఏరుకున్నాడు మా ఆయన అని."

మురుగేష్ పై కోర్టుకు వెళ్ళాడు. అంటే భువనకు లెక్కలు చెప్పే చక్రధర్ సారుకు ఫోన్ చేశాడు. సారు మొత్తం విన్నారు.

"మీరన్న మాట సరిగ్గా చెప్పండి మురుగేష్ గారూ."

"నువ్వు పాసయితే పావురాల్ని పంపిస్తా, అన్నా సార్."

"ఆవిడ పాసవ్వడం అనేది ఇక ఎప్పటికీ నిజమే. పావురాలేమో తిరిగొస్తూనే ఉంటాయి. కాబట్టి మీరు పంపిస్తూనే ఉండాలి. దీన్ని లూప్ అంటాం. దీన్ని ఆపే మాటేదీ మీరు అందులో పెట్టలేదు." ఆయన గొంతులో ఆనందం దాగలేదు. "ఇది క్లాసులో ఉదాహరణగా చెప్పుకోవచ్చాండీ?"

అలా మురుగేష్ ఆదివారాలు కార్వేటినగరం పాలయ్యాయి. తను బస్సులో వెళ్ళేవాడు, పావురాలు గాలిలో వచ్చేవి. కండక్టర్లు గంప చూడగానే, "అన్నా, వాటికి రానూపోనూ టికెట్టు తీసుకోవాల్సిన పని లేదులే," అని నవ్వేవారు. ఆదికేశవులు, వెంకటముని ఒకే గంపలో ప్రయాణం చేసి చేసి స్నేహితులైపోయారు. పావురాలు ఒళ్ళు గట్టిపడి నిగనిగలాడుతుంటే మురుగేష్ నడుము పట్టేసింది. మొదట్లో కోడికూర పెట్టిన తోడల్లుడు తర్వాత పప్పు పెట్టాడు, ఆ తర్వాత మజ్జిగ ఇచ్చాడు. చివరికి ఇంట్లోనే ఉండి, "మేము ఊర్లో లేము," అని తలుపు వెనకనుంచి చెప్పాడు.

ఆ మధ్యాహ్నం తోడల్లుడి గుమ్మంలో ఖాళీ గంప పక్కన కూర్చుని మురుగేష్ ఆలోచించాడు. ఇల్లాలికి ఒక గది ఇవ్వకుండా ఉండటానికి తను ఎన్ని ఊళ్ళు తిరిగాడో తలచుకుంటే అతనికే సిగ్గేసింది. ఆమె ఇంకా పొయ్యి పక్కనే చదువుకుంటోంది. సాంబారు మరకల పుస్తకంతో అన్ని మార్కులు తెచ్చుకున్న మనిషి, తలుపేసుకునే గది ఉంటే ఏమేం చేసేదో!

ఇంటికి రాగానే గంప మూల పెట్టి నేరుగా వంటింట్లోకి వెళ్ళాడు.

"మే భువనా. నా వల్ల కాదు. ఆ ఒట్టు తీసేయి."

"తీసేస్తే నాకేమిస్తావు?"

మురుగేష్ మాట్లాడబోయి ఆగాడు. ఇప్పుడతను ప్రతి మాటనూ రాయీ రప్పా ఏరినట్టు ఏరుతున్నాడు. "మిద్దె మీది గది... నీకిస్తా."

"ఇస్తా అంటే?" అంది భువన, పొయ్యి మీద నుంచి తల తిప్పకుండా.

మురుగేష్ నాలుక కరుచుకున్నాడు. "ఇచ్చేస్తా!"

"ఎప్పుడు?"

"ఎప్పుడో ఒగప్పుడు... కాదు కాదు, పండగ పోనీ... కాదులే. ఏం చెప్పాలో నువ్వే చెప్పు మే, అదే అంటా."

భువన పొయ్యి ఆర్పి, చెయ్యి తుడుచుకుని ఇటు తిరిగింది. "ఇచ్చేసినా, అను."

జరిగిపోయిన పని కాబట్టి అందులో ఏ తిరకాసూ ఉండదని మురుగేష్‌కు తోచింది. గుండెల నిండా గాలి పీల్చుకుని, ఒట్టు తీరిపోయిన హాయితో గట్టిగా అన్నాడు.

"ఇచ్చేసినా!"

"నేను కూడా విన్నా," అని గోడ అవతలనుంచి పంకజాక్షమ్మ అంది.

భువన పుస్తకాలు చంకలో పెట్టుకుని మెట్లెక్కింది. మురుగేష్ వెనకాలే వెళ్ళాడు. ఆమె గది తలుపు తీసి, లోపల గూళ్ళలో హాయిగా కునుకుతున్న పదింటినీ ఒకసారి చూసి, అతని వైపు తిరిగింది.

"మరి నా గదిలో నీ పావురాలేం చేస్తాండాయి?"

ఎండ ఇంకా దిగలేదు. నీళ్ళ ట్యాంకు పక్కన కాస్త నీడ ఉంది, అంగట్లో కొత్త గూళ్ళకు చాలినన్ని పాత పలకలు పడి ఉన్నాయి. నోరు తెరిస్తే ఏ మాట ఏ రూపంలో బయట పడుతుందోనని భయపడి, మురుగేష్ గమ్మున సుత్తి వెతుక్కోవడానికి కిందికి దిగాడు.